మూడో అంతస్తు జుంకా

మా అమ్మ ఇంట్లో సిల్క్ థ్రెడ్ జుంకాలు చేస్తుంది. పద్మారావునగర్‌లో మా అపార్ట్‌మెంటులోనే, మూడో అంతస్తు ఆవిడ కూడా అవే చేస్తుంది. ఇంతకు మించి నేనేమీ రాయను, పెరుగు తోడుకి వాళ్ళింటికే వెళ్ళాలి.

నాన్న చొక్కా ఉతకడానికి వేయబోతూ అమ్మ జేబు తడిమింది.

అమ్మ: ఏమండీ, ఇదేంటి?

నాన్న: జుంకా.

అమ్మ: అది నాకూ కనబడుతోంది. మీ జేబులో ఎందుకుంది?

నాన్న: అదే చెబుదామని…

అమ్మ: మూడో అంతస్తులో కొన్నారు.

నాన్న: నేనా?

అమ్మ: ఇంట్లో ఫ్యాక్టరీ పెట్టుకుని బయట సరుకు తెచ్చారు. అదీ ఒక్కటి. జత కొనడానికి చేతులు రాలేదా?

నాన్న: నిన్న పాట్ మార్కెట్‌కి వెళ్ళానా, అక్కడ…

అమ్మ: పాట్ మార్కెట్‌లో బంగారం, వెండి అమ్ముతారు. దారం జుంకాలు అమ్మరు. అబద్ధమాడినా అతికినట్టుండాలి. అతకడమంటే గుర్తొచ్చింది, ఈవిడ గ్లూ చూడండి. పల్చగా రాసి, ఆరేలోపు దారం చుట్టాలి. ముద్దలు ముద్దలుగా పోసేసింది.

నాన్న: పాపం, కొత్తగా నేర్చుకుంటోందేమో.

అమ్మ: ఆవిడంటే ఎంత జాలో! పదిహేను ఇరవై పోగులు కలిపి చదునుగా పట్టుకోవాలి. మధ్య చిల్లులోంచి తీసి, అంచు మీదుగా తిప్పుకుంటూ పోవాలి. పోగు మీద పోగు ఎక్కకూడదు. ఇదేంటి, మెహదీపట్నం ట్రాఫిక్కా?

నాన్న: నాకు బాగానే ఉంది.

అమ్మ: ఓహో. మొన్న నేను నెమలికంఠం రంగు జత చూపిస్తే "ఊఁ" అన్నారు.

నాన్న: ఆ ఊఁ పేపరు చదువుతూ అన్నది.

అమ్మ: ఇది కూడా పేపరు చదువుతూనే కొన్నారా? కొక్కేనికి తగిలించే ఈ ఐ పిన్ను చూడండి. నోస్ ప్లయర్‌తో కొన గుండ్రంగా వంచి, సందు లేకుండా మూయాలి. ఇది నోరు తెరుచుకునే ఉంది, చేసినావిడ లాగే.

(ఇక్కడ నాన్న దగ్గారు. దగ్గో, నవ్వో నాకు తేలలేదు.)

నాన్న: ఇంకా ఏమేం తప్పులున్నాయి? అన్నీ చెప్పు.

అమ్మ: దారం చుట్టే లోపలి బేసు కూడా చవకదే అయ్యుంటుంది. ఆగండి, విప్పి చూపిస్తా.

నాన్న: వద్దొద్దు! విప్పకు!

అమ్మ: అంత ప్రేమా?

కత్తెర పడింది. దారం పొరలు పొరలుగా ఊడొచ్చింది. లోపల తెల్లటి ప్లాస్టిక్. దాని మీద గీతలు. గీతల పక్కన 5 ఎం.ఎల్., 10 ఎం.ఎల్.

నాన్న: ఇది… నా దగ్గుమందు మూత!

అమ్మ మాట్లాడలేదు. మా ఇంట్లో అరుదైన సంఘటన.

నాన్న: మూత లేని సీసా ఇచ్చాడని మెడికల్ షాపువాడితో పోట్లాడానే!

అమ్మ: మీరెప్పుడూ ఎవరితోనూ పోట్లాడనట్టు.

నాన్న: పాపం, కొత్త సీసా ఇచ్చాడు. ఇంటికి తెస్తే మర్నాటికి దానికీ మూత లేదు!

అమ్మ: ఎలా ఉంటుంది? ఒక్క మూతతో జతవుతుందా?

నాన్న: అయితే ఆ ముద్దలు, ఆ తెరుచుకున్న నోరు…

అమ్మ: నేను నేర్చుకునేటప్పుడు చేసింది. బేసులు అయిపోయాయి, బేగంబజార్ వెళ్దామంటే మీకు మ్యాచ్ ఉంది. మొదటిసారికి ఇంత చక్కగా చుట్టడం మాటలు కాదు.

నాన్న: ట్రాఫిక్ అన్నావు.

అమ్మ: ట్రాఫిక్ అయినా కదులుతుంది. మీ కథ కదలడం లేదు. ఇది జేబులోకి ఎలా వచ్చింది?

నాన్న: బీరువా కింద దొరికింది. ఎడమ చెవి దురదన్నావు కదా. చవక కొక్కేల్లో నికెల్ ఉంటుంది, అది పడనివాళ్ళకి చెవి ఎర్రబడి దురద పెడుతుంది. నువ్వేమో దాని మీద నెయిల్ పాలిష్ పూసుకుని కూర్చుంటావు.

అమ్మ: రంగులేనిదే పూస్తాను. పూత ఉన్నంతవరకు నికెల్ తగలదు.

నాన్న: ఆ పూత ఎన్నాళ్ళుంటుంది? అందుకే వెండి కొక్కెం తెచ్చాను. 92.5 వెండి. సైజు చూపించడానికి ఇది పట్టుకెళ్ళా.

అమ్మ: మిగతా ఏడున్నర ఏంటి?

నాన్న: రాగి. నికెల్ లేదు కదా అని రెండుసార్లు అడిగాను. విసుక్కున్నాడు కూడా.

జేబు అడుగునుంచి చిన్న పొట్లం తీసి విప్పింది. మొహం మెత్తబడబోయి మధ్యలో ఆగింది.

అమ్మ: ఒక్కటే ఉంది.

నాన్న: ఎడమ చెవే కదా అన్నావు.

అమ్మ: కుడి చెవి పుట్టింట్లో వదిలి వచ్చానా?

నాన్న: దురద లేని చెవికి కూడా ఎందుకని…

అమ్మ: సరే, పెట్టండి. మెల్లగా. అటు కాదు, ఇటు నుంచి. ఇంతకీ కొట్టువాడికి నిజంగా ఇదే చూపించారా?

నాన్న: మరి? మా ఆవిడ చేత్తో చేసిందని కూడా చెప్పా. పక్క కొట్టువాళ్ళు కూడా వచ్చి చూశారు.

అమ్మ: పక్క కొట్టు కూడానా! బీరువాలో నెమలికంఠం జత ఉంటే, బీరువా కిందది తీసుకెళ్ళి ఊరంతా తిప్పుతారా? లేవండి. చొక్కా వేసుకోండి.

నాన్న: చొక్కా నీ చేతిలోనే ఉంది.

అమ్మ: ఇంకోటి వేసుకోండి. మంచి జత చూపించి, రెండో కొక్కెం కొనుక్కుని, నిన్న చూపించింది మూడో అంతస్తు ఆవిడదని చెప్పి వద్దాం.

నాన్న: ఉండు, మందు తాగి వస్తా. ఆ మూత ఇలా ఇవ్వు.

అమ్మ: దానికి మధ్యలో చిల్లు పెట్టాను.

నాన్న: మరెలా తాగను?

అమ్మ: వేలు అడ్డం పెట్టుకోండి. అదీ నేనే చెప్పాలా?