14-ఏప్రిల్, బ్రాడీపేట

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణానికీ పిల్లల డాన్సులకీ మధ్య దొరికిన ఐదు నిమిషాల్లో కార్యవర్గం ఒక తీర్మానం పెట్టింది. ఇకమీదట సంఘం పత్రిక అచ్చు వేయరు, పోస్టులో పంపరు, వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది. "ఇంకా పోస్టేంటండీ, ఆ డబ్బా తెరిచేదెవరు? పిజ్జా కూపన్ల కోసమా?" అని వెనక వరుసలోంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కారెక్కాక మండింది.

కోశాధికారి గారిది తప్పనను. స్టాంపుల ఖర్చు పెరుగుతోంది, ప్రతులు వృథా అవుతున్నాయి, నిజమే. ఎందుకవుతున్నాయో మాత్రం ఎవరూ అడగలేదు. మనం రెండేళ్లకోసారి ఇల్లు మారతాం. బ్యాంకుకి చెబుతాం, కారు ఇన్సూరెన్సుకి చెబుతాం, సంఘానికి చెప్పం. అమెరికా పోస్టాఫీసులో చిరునామా మార్పు రాసిస్తే ఫస్ట్ క్లాస్ ఉత్తరాలకి పసుపు చీటీ అంటించి 12 నెలలపాటు కొత్త ఇంటికి పంపిస్తారు. మన పత్రిక వెళ్లేది లాభాపేక్ష లేని సంస్థలకిచ్చే చౌక రేటులో. దానికి మామూలుగా ఆ సదుపాయం లేదు. ఇల్లు మారినవాళ్ల ప్రతి చెత్తబుట్టకే. దాన్ని మనం పోస్టు నష్టం కింద రాసుకుంటున్నాం.

గుంటూరులో మా చిరునామా నలభై ఏళ్లుగా ఒకటే. బ్రాడీపేట 4/14. గుంటూరువాళ్లకి విప్పి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.

1996లో నేనిక్కడికి వచ్చిన కొత్తలో అక్కణ్ణుంచి నెలకో నీలం ఏరోగ్రామ్, అంటే మడిచి అంటిస్తే తనే కవరయ్యే ఉత్తరం, వచ్చేది. లోపల ఏమీ పెట్టకూడదని దానిమీదే అచ్చేసి ఉంటుంది కనుక నాన్న ఏమీ పెట్టేవారు కాదు, గోరంత చోటు వదిలేవారూ కాదు. అమ్మకి మిగిలేది జిగురు పక్కనున్న మడత. అక్కడే రెండు ముక్కలు ఇరికించేది. నేను ఆత్రంగా చింపితే సగం అక్షరాలు పోయేవి. ఓసారి "...పొడి పంపా, వేడన్నంలో" దాకా మిగిలింది. కందిపొడో కరివేపాకు పొడో పార్శిల్ వచ్చేదాకా తేలలేదు. ఫోన్ చేయొచ్చుగా అంటారు మీ పిల్లలు. నిమిషానికి డాలరు పైన వదిలే రోజులవి.

తర్వాత నాన్నకి మన ఉగాది సంచిక పంపడం మొదలుపెట్టాను. తపాలా ఖర్చు కడితే ఇండియాలో ఇంటికి కూడా పంపేవాళ్లం, గుర్తుందా? ఒక ఏడు ఎవరో పుణ్యాత్ములు చిరునామాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించారు. అది 4/14ని తేదీ అనుకుంది. కవరు మీద "14-ఏప్రిల్, బ్రాడీపేట, గుంటూరు" అని పడింది. అయినా చేరింది! పోస్ట్‌మ్యాన్ నాన్న చేతికిస్తూ, "అంబేద్కర్ జయంతి నాడే ఇమ్మన్నారేమో అనుకున్నా మాస్టారూ" అన్నాట్ట. ఆ దసరాకి మామూలు రెట్టింపు ఇచ్చారు నాన్న. లంచమంటారో మర్యాదంటారో మీ ఇష్టం. ఇక్కడ నాకు రోజూ ఉత్తరాలు వేసి వెళ్లే మనిషి మొహమే నేనెరగను.

ఇప్పుడు నాన్న లేరు. సంచిక అమ్మ చదువుతోంది, కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని, ప్రకటనలతో సహా. మొన్న పీడీఎఫ్ పంపాను. "వేళ్లతో లాగితే అక్షరం పెద్దదవుతోంది గానీ లైను పక్కకి జారిపోతోందిరా" అంది. తర్వాత దాని ఊసెత్తలేదు.

అన్ని సంచికలూ అచ్చు వేయమని అడగను. ఉగాదిది ఒక్కటి వేయండి. కావాలన్నవాళ్లకే పంపండి, ఖర్చు వాళ్ల దగ్గరే తీసుకోండి. చిరునామాలు రాసే పని నాకివ్వండి, విజయవాడవైనా గుంటూరువైనా ఎన్నయినా సరే. ఎక్సెల్‌లో ఆ గడిని ముందుగా టెక్స్ట్‌లోకి మార్చుకోవాలని నాకు తెలుసు.