కెమెరా మీద వేలు పెడితే బీపీ తెలుస్తుందా?

"జేబులో ఫోన్ ఉండగా బీపీ మిషన్ దండగ!" అని మొదలయ్యే మెసేజ్ మా ఇంటి గ్రూపులోకి ముగ్గురి నుంచి వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఫలానా ఫ్రీ యాప్ వేసుకుని కెమెరా మీద వేలు పెడితే బీపీ, షుగర్, ఆక్సిజన్ అన్నీ చెప్పేస్తుంది. రోజూ పదివేల అడుగులు వేస్తేనే ఫలితం. తిన్నది రాసుకుంటే కేలరీలు కచ్చితంగా లెక్కగడుతుంది. ఫ్రీ కాబట్టి పోయేదేమీ లేదు. చివర "పదిమందికి పంపండి" మామూలే.

ఇది చదివి మా పెదనాన్న పట్టీ చుట్టి బీపీ చూసుకోవడం మానేశారు. అందుకే ఒక్కో ముక్కా విప్పాల్సి వస్తోంది.

ముందు బీపీ. వేలి మీద ఫ్లాష్ వెలుగు పడుతుంటే, గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలో రక్తం కొద్దిగా పెరిగి తగ్గుతుంది. ఆ వెలుగు హెచ్చుతగ్గులను కెమెరా లెక్కపెడుతుంది. కదలకుండా కూర్చుంటే పల్స్ బాగానే వస్తుంది, అందులో మోసం లేదు. కానీ పల్స్ వేరు, బీపీ వేరు. మోటారు చప్పుడు విని పైపులో ప్రెషర్ ఎంతో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? బీపీ అంచనా వేసే వాచీలు కొన్ని ఉన్న మాట నిజమే. వాటికీ ముందుగా పట్టీ మిషన్‌తో కొలిచి ఆ అంకె చూపించాలి. శాంసంగ్ వాచీకైతే 28 రోజులకోసారి ఆ పని మళ్ళీ చేయాలి.

అమెరికాలో 'ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్' అనే యాప్ 2014, 2015లలో బాగా అమ్ముడుపోయింది. అది ఫ్రీ కూడా కాదు, దాదాపు 5 డాలర్లు. డాక్టర్లు పరీక్షించి 2016లో బయటపెట్టిందేమిటంటే, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళలో సుమారు ప్రతి ఐదుగురిలో నలుగురికి "అంతా మామూలే" అని చూపించింది. ఆ ఏడాది డిసెంబర్‌లో అక్కడ వినియోగదారులను మోసాల నుంచి కాపాడే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) దాని తయారీదారుల మీద చర్య తీసుకుంది. ఉత్తినే భయపెట్టే యాప్ అయితే మనిషి డాక్టరు దగ్గరికైనా పరిగెడతాడు. ఇది ధైర్యం చెప్పి ఇంట్లో కూర్చోబెట్టింది. పెదనాన్న విషయంలోనూ అదే. యాప్‌లో 118/76. అటక మీది మిషన్ దింపి చూస్తే 162/94. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూసినా పెద్ద తేడా లేదు.

షుగర్ సంగతి ఇంకా సులువు. గ్లూకోమీటర్ స్ట్రిప్ మీది ఎంజైమ్‌కు రక్తపు చుక్క కావాలి. చేతికి అతికించుకునే సెన్సర్‌కైనా చర్మం కిందికి దిగే సన్నటి తీగ ఉంటుంది. చర్మానికి గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను నమ్మొద్దని, అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. పెదనాన్న యాప్‌కు వేలి బదులు టమాటా పెట్టి చూశాను. టమాటాకు షుగర్ 104 అట, బీపీ కూడా నార్మలేనట.

ఆక్సిజన్ కొలవాలంటే ఎర్ర కాంతి, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి రెండూ కావాలి. ఆక్సీమీటర్‌లో ఆ రెండూ ఉంటాయి. ఫోన్ ఫ్లాష్‌ది తెల్ల వెలుగు, పైగా కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ ఉంటుంది. శాంసంగ్ పాత ఫోన్లు కొన్నింటికి వెనకాల దీనికోసమే ప్రత్యేకంగా సెన్సర్ ఉండేది. అది లేని ఫోన్‌కు యాప్ వేసినంత మాత్రాన సెన్సర్ మొలవదు.

ఇక పదివేల అడుగులు. ఈ అంకె వైద్యులు లెక్కగట్టింది కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌కు చెందిన యమాసా కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటర్ అమ్ముతూ దానికి 'మాంపోకే' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటర్ అని అర్థం. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళ మీద వచ్చిన అధ్యయనంలో, అంతకన్నా బాగా తక్కువ నడిచేవాళ్ళతో పోలిస్తే, రోజుకు సుమారు 4,400 అడుగులు వేసేవాళ్ళలో కూడా మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనంగా తగ్గింది ఏమీ లేదు. కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మ రాత్రి పదింటికి లెక్క పూరించడానికి హాల్లో చక్కర్లు కొట్టనక్కర్లేదు.

కేలరీలు "కచ్చితంగా"! అసలు ఎవరి గోంగూర పప్పు? చాలా ఫ్రీ యాప్‌లలో వంటకాల వివరాలు వాడేవాళ్ళే ఎక్కిస్తారు. ఒకరి "కప్పు" ఇంకొకరికి గిన్నె. పోపులో ఒక టేబుల్ స్పూను నూనె ఎక్కువ పడితే సుమారు 120 కేలరీలు మారిపోతాయి. అమ్మ నూనె సీసా వంచే తీరు ఏ యాప్‌కు తెలుసు? మన తిండికి నమ్మదగిన లెక్క కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పట్టికలు వేసింది. 'న్యూట్రిఫై ఇండియా నౌ' అనే యాప్ కూడా వాళ్ళదే. దాంట్లోనైనా నూనె ఎంత పోశారో మనమే నిజం చెప్పాలి.

చివరిది, "పోయేదేమీ లేదు". నెలసరి లెక్కలు రాసుకునే ఫ్లో యాప్ గోప్యంగా ఉంచుతామని మాటిచ్చి, ఆ వివరాలు ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకు చేరవేసిందన్న ఆరోపణ మీద 2021లో ఎఫ్‌టీసీతో రాజీ పడాల్సి వచ్చింది. పరుగులు, సైకిల్ తొక్కడం లెక్కగట్టే స్ట్రావా యాప్ తన వాడకందార్ల పరుగుల దారులన్నీ కలిపి ఒక మ్యాప్ పెడితే, అందులో సైనిక స్థావరాలే వెలుగుతూ కనిపించాయని 2018 జనవరిలో గగ్గోలు పుట్టింది. అడుగులు లెక్కపెట్టడానికి ఆండ్రాయిడ్‌లో 'ఫిజికల్ యాక్టివిటీ' అనుమతి ఒక్కటి చాలు. దారి మ్యాప్‌లో గీయాలంటే లొకేషన్ కావాలి. అంతకుమించి అడిగితే దేనికని అడగండి.

పెదనాన్న యాప్ కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు రెండూ తీసుకుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ ఎస్సెమ్మెస్‌లలోనే. దాన్ని తీసేసి, అడుగులకు ఫోన్‌తో పాటు వచ్చిన యాప్ ఒక్కటే ఉంచాను. నిన్న 4,100 చూపించింది. అయితే నిన్న ఆయన స్కూటర్ మీద సంతకు వెళ్ళొచ్చారు. అందులో కొన్ని అడుగులు రోడ్డు గుంతలవి.