డిస్కు నిండితే సర్వర్‌ను చెరపనక్కర్లేదు

పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా మన తెలుగువాళ్ల కంప్యూటర్ సెంటర్లు, ఫొటో స్టూడియోల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది: "లినక్స్ సర్వర్ నిండితే పెద్ద డిస్కు కొని అంతా మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఎల్‌వీఎమ్ ఉంటే సర్వర్ ఆపి రెండో డిస్కు కలపవచ్చు. అప్పుడు డిస్కులు రెండు కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు."

ఎల్‌వీఎమ్ అంటే డిస్కుల్లోని జాగాను ఒక్క రాశిగా చేర్చి, కావలసినంత పంచిపెట్టే లినక్స్ ఏర్పాటు. సందేశంలో మొదటి మాటే తప్పు. పర్లాకిమిడిలో ఒక స్టూడియో యజమాని ఇది నమ్మి, డిస్కు కొనడానికి బరంపురం బయల్దేరబోతూ నాకు ఫోను చేశారు. "పెళ్లి ఫొటోలు ఎక్కడం లేదండీ" అన్నారు. వెళ్లి చూస్తే ఉబుంటు సర్వర్. ఎంత జాగా నిండిందో చెప్పే డీఎఫ్ ఆదేశం 98 జీబీ పూర్తిగా నిండిందంటోంది. డిస్కుల అసలు పరిమాణం చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే మాత్రం డిస్కు 465.8 జీబీ అని చూపిస్తోంది. ఎల్‌వీఎమ్‌తో వేసినప్పుడు ఉబుంటు ఇన్‌స్టాలర్ పెద్ద డిస్కుల్లో మామూలుగా రూట్‌కు, అంటే సిస్టమ్ ఉండే ప్రధాన భాగానికి, 100 జీబీయే ఇచ్చి, మిగతాది వాల్యూమ్ గ్రూపులో, అంటే ఆ జాగా రాశిలో, ఖాళీగా వదిలేస్తుంది. వాల్యూమ్‌ను, అంటే రాశిలోంచి పంచిన ఆ భాగాన్ని, పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్ ఆదేశానికి మైనస్ ఆర్ (-r) జోడించి 200 జీబీ పెంచాను. ఆ మైనస్ ఆర్ మరిచిపోతే వాల్యూమ్ పెరుగుతుంది, అందులో ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్ పెరగదు. పక్క పొలం కొని గట్టు జరపనట్టే. చాలామంది ఇక్కడే ఆగి "పనిచేయలేదు" అంటారు.

సర్వర్ ఆపాలన్నదీ అర్ధసత్యమే. యంత్రం నడుస్తుండగా డిస్కు పెట్టే సదుపాయం లేకపోతే, బిగించడానికి కాసేపు ఆపక తప్పదు. తర్వాతి పనులు, అంటే పీవీక్రియేట్ (కొత్త డిస్కును ఎల్‌వీఎమ్‌కు సిద్ధం చేయడం), వీజీఎక్స్‌టెండ్ (దాన్ని వాల్యూమ్ గ్రూపులో కలపడం), ఎల్‌వీఎక్స్‌టెండ్, సర్వర్ నడుస్తుండగానే జరుగుతాయి. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లు రెండూ మౌంటయి, అంటే వాడుకలో, ఉండగానే పెరుగుతాయి. వెనక్కి తగ్గించడం మాత్రం వేరే సంగతి: ఈఎక్స్‌టీ4ను అన్‌మౌంట్ చేయాలి (వాడుకలోంచి తీయాలి), ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ విషయంలో ఆ ఆశే పెట్టుకోవద్దు. ఉన్న ఖాళీనంతా ఒకేసారి ఇచ్చేయవద్దని నేను చెప్పేది అందుకే.

బ్యాకప్ అక్కర్లేదన్న మాట చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. మామూలుగా కలిపితే ఎల్‌వీఎమ్ రెండు డిస్కులను ఒకదాని కొసకు ఒకటి అతికిస్తుంది, నకలు తీయదు. ఏ ఒక్కటి చెడినా వాల్యూమ్ మొత్తానికి ముప్పు. అంటే ప్రమాదం తగ్గకపోగా పెరిగింది. నకలు ఉంచేది రెయిడ్ 1, అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసే పద్ధతి. పొరపాటున ఫోల్డర్ చెరిపితే అదీ కాపాడదు, రెండు చోట్లా చెరిగిపోతుంది. పైగా రీబూట్ తర్వాత డిస్కులకు లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు తారుమారు కావచ్చు. సీరియల్ నంబరు సరిచూడకుండా పీవీక్రియేట్ కొడితే ఏ డిస్కు మీద పడుతుందో!

ఆ యజమాని బరంపురం వెళ్లనే వెళ్లారు. తెచ్చింది బయట తగిలించే డిస్కు. రాత్రి ఫొటోలు ఎక్కించి, దాన్ని ఇంటి బీరువాలో పెడుతున్నారు.