లైట్‌మ్యాప్ కంప్రెస్ చేస్తే వెలుగు చెడిపోదు

పర్లాకిమిడిలో గేమ్‌లు తయారుచేయడం నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "లైట్‌మ్యాప్‌లను కంప్రెస్ చేయకండి. క్వాలిటీ పోతుంది. ప్రతి ఫ్రేమ్‌కీ విప్పాలి కాబట్టి గేమ్ స్లో అవుతుంది. సైజు తగ్గాలంటే జేపెగ్ చేస్తే చాలు. అసలు ఇప్పటి ఫోన్లలో మెమరీకి కొదవేంటి?" అని. బడిలో ఒడియా చదువుకుని, ఈ పని మాత్రం తెలుగులో అడిగి తెలుసుకునే తమ్ముళ్లు దీన్ని నమ్మేస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

గోడల మీద, నేల మీద పడే వెలుగును ముందే లెక్కకట్టి బొమ్మగా దాచుకున్నదే లైట్‌మ్యాప్. మా వీధిలోని పాత పెంకుటిల్లు ఒకటి సీనుగా చేశాను. దానికి 2048 × 2048 లైట్‌మ్యాప్‌లు ఆరు వచ్చాయి. టెక్సెల్‌కు (బొమ్మలోని ఒక్కో చుక్కకు) 8 బైట్ల చొప్పున హాఫ్ ఫ్లోట్‌లో (ఒక్కో విలువ 16 బిట్ల దశాంశ సంఖ్యగా) ఉంచితే ఒక్కోటి 32 ఎంబీ, మొత్తం 192. ఏఎస్‌టీసీ అనే కంప్రెషన్ ఫార్మాట్‌లో, 4×4 చొప్పున (16 టెక్సెల్‌లు ఒక బ్లాకుగా) పెడితే అవే 24 ఎంబీ. ఫోన్ డబ్బా మీద రాసిన ర్యామ్ అంతా మన గేమ్ ఒక్కదానిదే కాదు. సిస్టమ్, మిగతా యాప్‌లు, గ్రాఫిక్స్ చిప్ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

స్లో అవుతుందన్నది పూర్తిగా తప్పు. ఇలాంటి ఫార్మాట్‌లను విప్పే సర్క్యూట్ గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉంటుంది. మెమరీ నుంచి తెచ్చుకునే డేటా తగ్గుతుంది, చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ అయిన కాష్‌లో ఎక్కువ పడుతుంది. ఫోన్ వేడెక్కడం కూడా తగ్గుతుంది.

జేపెగ్ సంగతికొస్తే, అది డిస్కు మీద చిన్నదే. కానీ అందులో ఒక్కో భాగం ఒక్కో పొడవుంటుంది, కావలసిన టెక్సెల్ దగ్గరికి చిప్ నేరుగా వెళ్లలేదు. కాబట్టి ముందే మొత్తం విప్పి మెమరీలో పెట్టాలి. అక్కడ మళ్లీ పెద్దదే. బ్లాక్ ఫార్మాట్‌లో ప్రతి బ్లాకూ ఒకే సైజు, ఏఎస్‌టీసీలో 16 బైట్లు. ఫలానా బ్లాక్ ఎక్కడుందో ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. పైగా మామూలు జేపెగ్‌లో రంగుకు 256 మెట్లే. వాకిట్లో ఎండ, అటక కింద చీకటి రెండూ అందులో ఇమడవు.

ఇక క్వాలిటీ. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. కంప్యూటర్లలో వాడే పాత ఫార్మాట్ బీసీ1లో 16 టెక్సెల్‌లకు కలిపి నాలుగే రంగులు, అందులో రెండింటిని 5-6-5 బిట్లలో (ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5) రాస్తారు, మిగతావి ఆ రెండింటి మధ్యవి. సున్నం కొట్టిన గోడ మీద మెల్లగా తగ్గే వెలుగు అందులో ఆకుపచ్చ, గులాబీ చారలుగా విడిపోయింది. నాకూ మొదట ఇలాగే అయింది. అయితే తప్పు ఆ ఫార్మాట్‌ను ఎంచుకోవడంలో ఉంది. కంప్యూటర్‌కైతే బీసీ6హెచ్ వాడండి. హాఫ్ ఫ్లోట్ వెలుగు కోసమే చేసింది, టెక్సెల్‌కు 8 బిట్లే. ఫోన్‌కు ఏఎస్‌టీసీ. దాని హెచ్‌డీఆర్ ప్రొఫైల్ (మరీ ఎక్కువ, మరీ తక్కువ వెలుగు రెండూ పట్టేది) అన్ని ఫోన్లలో ఉండదు కనుక, రంగును ఎన్ని రెట్లు పెంచాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాక నాలుగో చానల్‌లో దాచే ఆర్‌జీబీఎం పద్ధతి పెట్టుకోండి.

చాలామంది చూడని తప్పు ఇంకొకటుంది. ఎర్ర గచ్చు నుంచి ఎరుపు తగిలిన గోడ ముక్క, ఆకాశపు నీలం పడిన అరుగు ముక్క ఒకే బ్లాకులో పడితే అంచుల్లో రంగు కారుతుంది. నిందంతా కంప్రెషన్ మీద వేస్తారు. ముక్కల మధ్య ఖాళీ వదిలి, వాటి అంచులను బ్లాకు గీతలకు సర్దితే అది పోతుంది.

4×4తో మొదలుపెట్టండి. తర్వాత ఇంకా చిన్న సైజిచ్చే 6×6 (36 టెక్సెల్‌లు ఒక బ్లాకుగా) పెట్టి, ఎండ గోడనూ చీకటి మూలనూ ఫోన్ తెర మీదే పోల్చి చూడండి. నా పెంకుటింటి ఫైలు కావాలంటే అడగండి, పంపిస్తాను.