మిక్సీకి తారాబలం

పెళ్లికి తారాబలం చూసే మనం మిక్సీకి చూడకుండా ఎలా ఉంటాం? ఆన్‌లైన్ రివ్యూల్లో 4.3 నక్షత్రాల మిక్సీ 4.1 నక్షత్రాల మిక్సీ కన్నా నిస్సందేహంగా ఉత్తమం. ఆ 0.2లో ఏముందని అడిగేవాడు నాస్తికుడు.

ఐదు నక్షత్రాల రివ్యూల్లో పరమ ప్రామాణికమైనది ‘ఈరోజే వచ్చింది, ఇంకా ఓపెన్ చేయలేదు, సూపర్ ప్రొడక్ట్’ అన్నది. పెట్టె విప్పితే నిష్పాక్షికత పోతుంది కదా. ఒక్క నక్షత్రం ఇచ్చినవాడి బాధ వేరు: డెలివరీ బాయ్ మూడో అంతస్తు ఎక్కలేదట. దానికీ అల్లం పచ్చడి నలగడానికీ ఏమిటి సంబంధం అంటారా? సగటు కట్టే కంప్యూటరే అడగలేదు, మీకెందుకు? మిక్సీ పేజీలో ‘రంగు వెలవలేదు, మా ఆవిడకు బాగా సరిపోయింది’ అని కనిపిస్తే కంగారు పడకండి. అది ఆ పేజీ పూర్వజన్మ. మొన్నటిదాకా అక్కడ నైటీ అమ్మారు. సరుకు మారింది, పుణ్యం మిగిలింది.

పెట్టెలో ఒక చిన్న కార్డు కూడా ఉంటుంది. ఐదు నక్షత్రాలిచ్చి స్క్రీన్‌షాట్ పంపితే 100 రూపాయలు వెనక్కిస్తారట. దాన్ని లంచం అనడం మర్యాద కాదు, సంభావన.

2017లో లండన్‌లో ఒక విలేకరి తన పెరటి షెడ్డును రెస్టారెంటని ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల సైట్‌లో పెట్టి, తెలిసినవాళ్లతో రివ్యూలు రాయించి, నగరంలో నంబర్ వన్ చేశాడు. అప్పటికి అక్కడ ఒక్కరూ భోంచేయలేదు. కాబట్టి ఒక్కరికీ అజీర్తి చేయలేదు. మొదటి స్థానానికి ఇంకేం అర్హత కావాలి?

మన ప్రభుత్వమూ ఊరుకోలేదు. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ద్వారా ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసినవారెవరో సరిచూడాలంది, రివ్యూలు కొనకూడదంది. పాటించడం మాత్రం స్వచ్ఛందం. రివ్యూలు కొనేవాళ్లంతా స్వచ్ఛందంగా ముందుకొస్తారని ఎదురుచూస్తున్నాం.

అన్నట్టు, మూడు నక్షత్రాలవాళ్ల జోలికి మాత్రం పోకండి. ఆరు నెలలు వాడి మరీ రాస్తారు: ‘పిండి బాగా రుబ్బుతోంది, చట్నీ జార్ అడుగున నీళ్లు కారుతున్నాయి, సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోనెత్తరు.’ బొత్తిగా ఉత్సాహం లేని మనుషులు. అవి చదివితే కొనబుద్ధి కాదు.

కొనకపోతే ఎలా? ఆ ఎర్ర మిక్సీని రివ్యూలు తెరవకముందే ఖాయం చేసుకున్నాం. మిగతా రెండు గంటలూ చదివింది, రేపు మోటారు కాలితే ‘పద్నాలుగు వేలమంది బాగుందన్నారు, నన్నేం చేయమంటావ్?’ అని ఇంట్లో చెప్పుకోవడానికి.