బ్రేక్ గుర్తు చేయాలి, స్క్రీన్‌కి తాళం వేయకూడదు

ముహూర్తాల సీజన్ వచ్చిందంటే విజయవాడ గవర్నర్‌పేటలోని డీటీపీ సెంటర్లలో ఆపరేటర్‌కి కుర్చీ వదిలే వీలుండదు. ఒకరు శుభలేఖ ప్రూఫ్ చూసుకుంటుంటే ఇంకొకరు ఫ్లెక్సీ మ్యాటర్ పట్టుకుని భుజం పక్కనే నిలబడి ఉంటారు. గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారుల లెక్కలు చూసే కుర్రాళ్లదీ ఇదే పరిస్థితి. జీఎస్టీ 3బీ దాఖలుకు 20వ తేదీ దగ్గర పడేకొద్దీ లెక్కల ప్రోగ్రామ్ ట్యాలీ మీంచి చూపు తిప్పరు. మెడ పట్టేసిందంటారు, కళ్లు మండుతున్నాయంటారు, మళ్లీ ఎంట్రీలు కొడుతూనే ఉంటారు. ఇదివరకు టీ కోసమైనా బయటికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు టీ కూడా ఫ్లాస్కులో సీటు దగ్గరికే వస్తోంది.

ఇలాంటి వాళ్లకి 'కాసేపు లేవండి' అని కంప్యూటరే గుర్తు చేయాలా? చేయాలనే అంటాను. ఆ ఏర్పాటు కంప్యూటర్‌తో పాటే రావాలని కూడా అంటాను. అది ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే అసలు పేచీ.

కావాలనుకున్నవాళ్లు విడిగా వేసుకుంటారు కదా, అందరి నెత్తినా రుద్దడం ఎందుకు అన్నది మామూలుగా వినిపించే అభ్యంతరం. నిజమే, విరామం గుర్తు చేసే వర్క్‌రేవ్, స్ట్రెచ్‌లీ లాంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. కానీ వాటిని వెతికి వేసుకునేది ఎవరు? ఈ విషయం మీద ముందే కాస్త అవగాహన ఉన్నవాళ్లు, సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు. షాపులో కూర్చున్న ఆపరేటర్‌కి ఆ సిస్టమ్ తనది కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఓనర్ దగ్గరో, సర్వీసుకొచ్చే హార్డ్‌వేర్ కుర్రాడి దగ్గరో ఉంటుంది. పొరపాటున ఏదైనా డౌన్‌లోడ్ చేస్తే, ఆ తర్వాత నెల రోజులు సిస్టమ్ స్లో అయినప్పుడల్లా నింద అతని మీదే. ఎక్కువ అవసరం ఉన్నవాడికే వేసుకునే వీలు లేదు. కాబట్టి సెట్టింగ్స్‌లో ముందే ఉండాలి.

ఉండాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్‌లో. ట్యాలీలో ఒకటి, ఫోటోషాప్‌లో ఒకటి, బ్రౌజర్‌లో ఇంకొకటి పెడితే తలనొప్పే. డీటీపీ ఆపరేటర్ పేజ్‌మేకర్ నుంచి ఫోటోషాప్‌కి, అక్కడి నుంచి వాట్సాప్ వెబ్‌కి తిరుగుతూనే ఉంటాడు. ఈ ప్రోగ్రాములేవీ మామూలుగా తన కిటికీ అవతల ఏం జరుగుతోందో పట్టించుకోవు. మూడూ మూడు వేళల్లో గంట కొడితే మూడింటినీ ఆపేస్తాడు. విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో దీనికి సాంకేతిక కారణం కూడా ఉంది. అక్కడ కొత్తగా వాడుకలోకి వచ్చిన వేలాండ్ అనే, కిటికీలను తెర మీద చూపించే పద్ధతి, భద్రత కోసం, ఒక ప్రోగ్రామ్ మీట నొక్కుళ్లను మరో ప్రోగ్రామ్ చూడనివ్వదు. దాంతో విడిగా వేసుకునే రిమైండర్లకి ఇబ్బందులు మొదలయ్యాయి. మనిషి ఎంతసేపటి నుంచి పని చేస్తున్నాడో అక్కడ సరిగా లెక్క పెట్టగలిగేది సిస్టమ్‌తో పాటే వచ్చే డెస్క్‌టాపే, అంటే కిటికీలు, మెనూలు, సెట్టింగ్స్ చూపించే భాగమే.

లినక్స్‌లో వాడే గ్నోమ్ అనే డెస్క్‌టాప్ కథ చూడండి. గ్నోమ్ 2 రోజుల్లో కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే 'టైపింగ్ బ్రేక్' ఉండేది. 2011లో వచ్చిన గ్నోమ్ 3లో అది కనపడకుండా పోయింది. మళ్లీ 2025 మార్చిలో విడుదలైన గ్నోమ్ 48లో కళ్లకి, కదలికకి విడివిడిగా రిమైండర్లు పెట్టారు. (ఆ వెర్షన్‌కి పెట్టిన పేరు బెంగళూరు. పని గంటల గురించి మన దేశంలో పెద్ద వాదులాట నడిచిన ఊరి పేరే దొరకడం తమాషా.) విండోస్ 11లో క్లాక్ యాప్‌లో ఫోకస్ సెషన్లు ఉన్నాయి, వాటిలో బ్రేక్ కూడా ఉంది. అయితే సెషన్‌ని మనమే మొదలుపెట్టాలి. పనిలో మునిగిపోయినవాడికి అది గుర్తొస్తే ఇంత చర్చే అక్కర్లేదు.

బ్రేక్ వల్ల పని తగ్గిపోతుందన్నది ఓనర్ల భయం. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ పరిశోధకులు, అక్కడి పన్నుల శాఖలోని డేటా ఎంట్రీ ఆపరేటర్ల మీద చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. మామూలు విరామాలు కాక, అవి లేని గంటల్లో ఐదేసి నిమిషాల చొప్పున రోజుకి మరో 20 నిమిషాలు ఇచ్చి చూశారు. ఒంటి నొప్పులు, కళ్ల శ్రమ తగ్గాయి. ఎంట్రీలు మాత్రం తగ్గలేదు. మన ట్యాలీ కుర్రాళ్లకి ఇంతకన్నా దగ్గరగా వచ్చే ఉదాహరణ నాకు కనపడలేదు. కళ్ల డాక్టర్లు చెప్పే 20-20-20 సూత్రం, అంటే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువుని 20 సెకన్లు చూడటం, గుర్తుంచుకోవడానికి తేలికే గానీ ఆ అంకెలకి అంత గట్టి ఆధారం లేదు. స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా కొడతామన్నది మాత్రం తేలిన విషయమే.

అంకెలు ఇంత వదులుగా ఉన్నప్పుడు కంప్యూటర్ మొండికేయకూడదు. కొన్ని ప్రోగ్రాములు విరామం వేళకి స్క్రీన్ మొత్తం మూసేస్తాయి. కౌంటర్ దగ్గర మనిషి నిలబడి ఉండగా అలా మూతపడితే ఆపరేటర్ ఆ సాయంత్రమే దాన్ని తీసేస్తాడు. తీసేయడమే న్యాయం కూడా. మూలన చిన్న గుర్తు కనపడాలి, 'పది నిమిషాల తర్వాత' అనే వీలుండాలి, వీడియో కాల్ నడుస్తుంటే అసలు రాకూడదు. ఈ రిమైండర్లలో ఒక లోపం కూడా ఉంది. చేతులు కదలకపోతే మనిషి విశ్రాంతిలో ఉన్నాడని అవి అనుకుంటాయి. ప్రూఫ్ చదివేవాడు పావుగంట మౌస్ ముట్టుకోడు, ఆ పావుగంటా కళ్లు స్క్రీన్‌కే అతుక్కుని ఉంటాయి. అందుకే కళ్ల లెక్క, చేతుల లెక్క వేరుగా ఉండాలి.

నాకు ఎక్కువ భయం కలిగించేది ఇంకొకటి. ఎవరు ఎన్నిసార్లు లేచారు, ఎన్నిసార్లు వద్దనుకున్నారు అన్న వివరాలు యంత్రంలో పోగవుతాయి. అవి మేనేజర్ చేతికి వెళ్తే ఆరోగ్యం కోసం పెట్టింది హాజరు పట్టీ అయి కూర్చుంటుంది. 'రోజుకి పన్నెండు సార్లు లేచావేంటి' అని ఒకడిని, 'మేం చెప్పినా లేవలేదు, నీ నడుం నొప్పికి మా పూచీ లేదు' అని ఇంకొకడిని అడగొచ్చు. ఆ లెక్క ఆ యూజర్ లాగిన్ దాటకూడదు, వారం తిరిగేసరికి చెరిగిపోవాలి. ఇది గ్యారంటీగా లేకపోతే రిమైండర్ లేకపోవడమే మేలు.

ఎంత మంచి రిమైండర్ అయినా లేవడానికి అనుమతి ఇవ్వగలిగేది కాదు, అది ఇవ్వాల్సింది చట్టం. బ్రిటన్‌లో స్క్రీన్ ముందు పనికి 1992 నుంచే ప్రత్యేక నిబంధనలున్నాయి, గంటకి 5 నుంచి 10 నిమిషాల విరామం మంచిదని అక్కడి అధికారిక సలహా. మన దగ్గర రోజువారీ గరిష్ఠ పని గంటలను 9 నుంచి 10కి పెంచడానికి ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. ఫ్యాక్టరీల్లో విశ్రాంతి ఇచ్చేలోపు వరసగా పని చేయించే వ్యవధిని కూడా 5 గంటల నుంచి 6కి జరిపింది. మరమగ్గాన్నో, లేత్ మిషన్‌నో దృష్టిలో పెట్టుకుని కట్టిన లెక్క అది. గంట పెంచినప్పుడు, స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లకి గంటకి ఐదు నిమిషాలు పని గంటల్లో భాగమేనని ఒక వాక్యం చేర్చాల్సింది. అలా ఒక వాక్యం ఉంటే గవర్నర్‌పేట ఓనర్‌కి ఆపరేటర్ చూపించడానికి ఏదో ఒక కాగితం ఉండేది.