నోరు మెదపని సంగీతం

బడుల్లో సంగీతం ఎందుకు నేర్పాలన్న ప్రశ్నకు ఇన్నాళ్లకు సరైన జవాబు దొరికింది: లెక్కల్లో మార్కులు పెరగడానికి. పిల్లలకు పాట వస్తుంది, సంతోషపడతారు వంటి బాధ్యత లేని జవాబులు ఇక చెల్లవు. అడ్మిషన్ల వేళ తల్లిదండ్రుల ముందు అలాంటి మాట అనగలమా?

నిజానికి సంగీతంలో లెక్కలకు కొదవేం లేదు. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. తొలి పాఠాలైన సరళీ వరసలను మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడితే రెట్టింపుకు రెట్టింపు. మిగతా రాగాలకు మూలమైన మేళకర్త రాగాలు 72; మధ్యమం, అంటే ‘మ’ స్వరం, రెండు రకాలు కాబట్టి ఒక్కోదానికి 36. రాగం పేరులోని మొదటి రెండక్షరాలను, అక్షరానికో అంకె ఇచ్చే కటపయాది పద్ధతిలో అంకెలు చేసి తిరగేస్తే రాగం నంబరు వచ్చేస్తుంది. మాయామాళవగౌళలో మా అయిదు, యా ఒకటి; తిరగేస్తే 15. ఒక్క స్వరం కూడా వినక్కర్లేదు! తొలి పాఠాలు ఈ రాగంలోనే పాడించే పద్ధతి పురందరదాసు పెట్టారంటారు. పాపం, ఆయన కాలానికి ఓఎంఆర్ షీట్లు లేవు.

కనుక ఆరో తరగతి నుంచే సంగీతం ఫౌండేషన్ పెట్టాలి. ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, తప్పుకు నెగెటివ్ మార్కు. ఎవరైనా గొంతు విప్పితే పక్క సెక్షన్ ఫిజిక్స్‌కు ఇబ్బంది కాబట్టి అందరూ నోరు మూసుకునే నేర్చుకోవాలి.

ఇక టీచరు సంగతి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు వద్దని 2020 జాతీయ విద్యావిధానం అంది. రెండోదాన్ని మనవాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు: సంగీతం పీరియడ్‌లోకి లెక్కల మాస్టారు ఏ గోడా అడ్డు లేకుండా నడిచొచ్చేస్తున్నారు.

పాతకాలం వాళ్లకు ఈ పద్ధతులు తెలియవు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ప్రిన్సిపాలుగా హరికథలు చెప్పే ఆదిభట్ల నారాయణదాసు గారిని కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు విద్యార్థిగా చేరదామని వెళ్తే, వయొలిన్ విని ఏకంగా ఉద్యోగమే ఇచ్చేశారట. వాయిద్యం విని ఉద్యోగం! బీఎడ్ ఉందా, వేసవిలో ఇంటింటికీ తిరిగి పది అడ్మిషన్లు తేగలరా అని ఒక్కరూ అడగలేదు.

విలువల విషయానికొస్తే, వార్షికోత్సవం ఒక్కటి చాలు. ముఖ్య అతిథి వచ్చేదాకా పట్టుపరికిణీల్లో నిలబడ్డ పిల్లలు ఓర్పు నేర్చుకుంటారు. ఆయన వచ్చాక స్పీకర్లో పాట మోగుతుంటే పెదాలు కదిపి క్రమశిక్షణ చూపిస్తారు.

ఒక్క చిక్కే మిగిలింది. ఇంత కట్టుదిట్టం చేసినా, సాయంత్రం స్కూలు బస్సెక్కగానే పిల్లలు గొంతులెత్తి పాడేస్తున్నారు. అన్నీ సిలబస్‌లో లేనివే. బస్సులో కూడా ఒక లెక్కల మాస్టారిని కూర్చోబెట్టే విషయం యాజమాన్యాలు వెంటనే పరిశీలించాలి.